కథలో పిల్ల బాధ మాటల్లో చెప్పకుండా చేతుల్లోనే కనపడేటట్టు రాసేది ఎట్ల?

పుత్తూరు_పడమటివీధి:

అందరికీ నమస్కారం. నేనొక పెద్దకథ రాస్తా ఉండాను, నవలిక అనొచ్చేమో, ఇంకా పూర్తి కాలేదు. అందులో పదహారేళ్ళ పిల్ల, పుత్తూరు పక్క పల్లె, తిరుపతిలో ఒక కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ బైపీసీ చదవతా ఉంటాది. టెన్తులో మండలం ఫస్టు వచ్చిన పిల్ల, ఇక్కడికొచ్చినాక వీక్లీ టెస్టుల్లో మార్కులు తగ్గి కింది సెక్షన్‌కి దించేస్తారు, ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేదు, ఎందుకంటే వాళ్ళ నాయన మామిడితోట గుత్తకిచ్చి ఆ డబ్బుతో ఫీజు కట్టినాడు. ఏడ్చే పిల్ల కాదు. అమ్మ ఫోన్ చేసి ఎట్లుండావమ్మా అంటే బాగుండానమ్మా అని పెట్టేసే పిల్ల. అందుకని లోపల ఏం జరగతా ఉందో దాని నోటితో చెప్పించకుండా వేళ్ళు, జుట్టు, తిండి, నిద్ర వీటితోనే చదివేవాళ్ళకి తెలియాలని నా కోరిక.

అయితే రాసింది చదివిన మా స్నేహితుడు ఒకటే మాట అన్నాడు, ఈ పిల్ల నాలుగు పేజీలకొకసారి గోళ్ళు కొరుకుతాది, పీరియడ్ మారితే బెల్లు కొట్టినట్టు బాధ రాంగానే గోళ్ళు అని. ఆ మాట నిజమే, అందుకే ఇక్కడ అడగతా ఉండా. అలవాటు అనేది గుర్తు మాదిరి అయిపోకుండా ఎట్ల రాయాలి? ఒక్క అలవాటు పట్టుకోవాల్నా, రెండు మూడు ఉండొచ్చా? ఇంకోటి, హాస్టల్లో ఒక రూములో ఎనిమిది మంది, ఎవురూ గమనించలేదంటే నమ్మేటట్టు ఉండదు, గమనించినారంటే కథ నేరుగా వార్డెన్ దగ్గరికి పోతాది, అప్పుడు నేననుకున్న కథ ఉండదు. మీరు రాసినవాళ్ళు, చదివినవాళ్ళు ఎవురైనా చెప్పండి.

చంద్రగిరి_కథలపిచ్చి:

పుత్తూరన్నా, గోళ్ళు కొరికించడంలో ఇబ్బంది ఏం లేదు, కానీ నీ కథలో అది ఎప్పుడెప్పుడు వస్తా ఉందో చూడు. నాయన ఫోన్ చేసినప్పుడు, మార్కులు అంటించినప్పుడు, వార్డెన్ అరిచినప్పుడు. అంటే పిల్లకి బాధని చదివేవాడికి ముందే తెలిసిపోయిన చోటే గోరు నోట్లోకి పోతా ఉంది, ఇంక గోరు వాడికి కొత్తగా చెప్పేదేముంది? నిజంగా ఇట్లాంటి అలవాటు ఉండే పిల్లలు పెద్ద గొడవ జరిగేటప్పుడు చేతులు కట్టుకొని నిమ్మళంగానే నిలబడతారు చాలాసార్లు, అంతా అయిపోయినాక రాత్రి స్టడీ అవర్లో బాటనీ పుస్తకం ముందేసుకొని కూర్చున్నప్పుడు, చుట్టూ ఏమీ జరగనప్పుడు, అప్పుడు లేస్తాది చెయ్యి పైకి. గొడవ తీసి ఒక చోట పెట్టు, అలవాటు తీసి ఇంకో చోట పెట్టు, మధ్యలో ఖాళీని చదివేవాడే పూడ్చుకుంటాడు.

రెండోది, ఆ అలవాటు పిల్లకి ఏమిస్తా ఉందో నీకు తెలియాల. ఊరికే ఎవురూ చెయ్యరు. నేనైతే నీ పిల్లకి గోళ్ళ కంటే జుట్టు పీక్కునే అలవాటు పెడతాను. వేళ్ళు నడినెత్తి మీద తిరగతా ఒక మొరటు వెంట్రుక కోసం వెతుకుతాయి, మిగతా వాటి కంటే గట్టిగా, వంకరగా తగిలేది ఒకటి ఉంటాది చూడు, అది దొరికేంత వరకు మనసులో ఇంకేమీ ఉండదు, సెక్షన్ లేదు, ర్యాంకు లేదు, మామిడితోట లేదు. పీకినాక కుదురు చూసుకుంటారు కొందరు, పెదవికి రుద్దుకుంటారు కొందరు. ఒక్క నిమిషం హాయి, ఆ వెనకాలే సిగ్గు. సిగ్గు వచ్చినాక ఏం చేస్తాదో రాయన్నా, అక్కడుంది కథ. దిండు మీద, ఫిజిక్స్ నోట్సు మధ్యలో పడినవి ఏరుకొని ఉండ చుట్టి ఎక్కడ పారేస్తాది? రూము ఊడ్చే టర్ను తనది కాకపోయినా తానే చీపురు తీసుకుంటాది. అందరూ ఈ పిల్ల ఎంత శుభ్రమో అంటారు. నీ రెండో సందేహానికి జవాబు కూడా ఇదే అనుకుంటా, రూమ్‌మేట్లు చూస్తారు, కానీ చూసిందానికి వేరే పేరు పెట్టుకుంటారు.

ఇంట్లోనూ అంతే. దసరా సెలవలకి పోతే అమ్మ తలకి నూనె పెడతా నడినెత్తిన రూపాయంత ఖాళీ చూసి పేనుకొరుకుడు అంటాది, మన పక్క ఎవురైనా ముందు అనేది అదే. ఉల్లిపాయ రసం రుద్దుతారు, మందారాకు నూరి పెడతారు. పేనుకొరుకుడయితే చర్మం నున్నగా ఉంటాది, పీక్కున్న చోట అట్ల ఉండదు, పొట్టివి పొడుగువి తెగినవి కలిసి గరుగ్గా ఉంటాది, అమ్మకి వేలి కింద ఆ తేడా తెలుస్తాది కానీ అర్థం కాదు. పిల్లకి మాత్రం తెలుసు ఈ వైద్యం దేనికీ పనికిరాదని, అయినా రోజూ తల వంచి కూర్చుంటాది.

ఇంక మనది తిరుపతి గదా, ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాయలేని మలుపు ఒకటుంది. ఆ పిల్ల కొండకి మొక్కుకున్నానని చెప్తాది. ఆ వయసు ఆడపిల్ల గదా మూడు కత్తెర్లు ఇస్తే చాల్లే అంటాది అమ్మ. కాదు, గుండే అంటాది పిల్ల. నాయనకి ఎంత భక్తో అని కళ్ళలో నీళ్ళు తిరగతాయి, అవ్వ ఒద్దే తల్లీ పెళ్ళికెదిగిన పిల్లవి అంటాది, పిల్ల మాత్రం కల్యాణకట్టలో తల వంచి కూర్చుని బ్లేడు ఆ ఖాళీ మీదికి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంటాది. మన ఊర్లో గుండు చూసి ఎవురూ ఎందుకని అడగరు. బస్సులో సగం మంది గుండ్లే. గంధం పూసుకొని హాస్టల్‌కి తిరిగొస్తాది, రెండు నెలలు ఎవురూ ఏమీ కనుక్కోలేరు, వేళ్ళకి పీకడానికి ఏమీ దొరకదు కూడా. అప్పుడు ఆ వేళ్ళు యాడికి పోతాయి? కనుబొమ్మల మీదికి. కల్యాణకట్టలో కనుబొమ్మలు తియ్యరు గదా.

భవానీనగర్_కుట్టుమిషన్:

నేను కథలు రాసేదాన్ని కాదు, చదువుతా ఉంటా. ఇంట్లోనే మిషన్ పెట్టుకొని కాలేజీ పిల్లోళ్ళ డ్రస్సులు, యూనిఫారాలు కుడతాను, అందుకని రెండు మాటలు చెప్తా, పనికొస్తే వాడుకోన్నా.

బట్టలు చూస్తే సానా తెలుస్తాది. చేతుల కొనలు సాగిపోయి ఉంటాయి కొందరివి, ఊరికే లాక్కొని అరచేతిలో పట్టుకుంటా ఉంటారు గదా అందుకు. చున్నీ కొన నమిలి నమిలి పోగులు లేసొస్తాది, అది ఉతికినా పోదు, ఆ చోట గుడ్డ గట్టి పడిపోతాది. ఒక్కో పిల్ల ఏప్రిల్ మే నెలల్లో వచ్చి ఫుల్ హ్యాండ్స్ పెట్టమంటాది. ఏమ్మా ఎండలకి ఉడికిపోతావు గదా అంటే కాలేజీలో ఏసీ అక్కా అంటాది. నేను మళ్ళా అడగను, అడగాల్నో లేదో తెలీక ఆ డ్రస్సు కుట్టేంతసేపు మనసులో అదే తిరగతా ఉంటాది.

కొలతలు కూడా చూడన్నా. జూన్‌లో కుట్టిన డ్రస్సు సంక్రాంతికి తెచ్చి నడుము దగ్గర లోపలికి పట్టమంటారు. ఆ వయసు పిల్లోళ్ళకి కుట్లు విప్పి లూజు చెయ్యాల్సి రావాల, టైట్ చెయ్యమని వచ్చినారంటే తిండి సరిగ్గా లేదనే. కొందరయితే ఒంటి మీద టేపు పెట్టనియ్యరు. పాత డ్రస్సు ఆదికి ఇచ్చి దీని ప్రకారం కుట్టక్కా అంటారు, ఆది డ్రస్సేమో వేలాడతా ఉంటాది, ఈ పిల్ల ఒంటికి దానికి సంబంధం ఉండదు. నేను కొలత తీసుకుంటా రామ్మా అంటే ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆ అడుగు చాలన్నా నీ కథకి, గోళ్ళు కూడా అక్కర్లేదు.

మీ పిల్లని ఎవురో ఒకరు గమనించాలంటే వార్డెనే కావాల్నా, నా మాదిరి బయటి మనిషి గమనించొచ్చు. మాకు అన్నీ కనపడతాయి కానీ చెప్పే హక్కు లేదు, ఎవురికి చెప్పాల్నో కూడా తెలీదు.

చిత్తూరు_కౌన్సెలర్:

మంచి చర్చ. నేను ఇంటర్, డిగ్రీ పిల్లలతో పని చేస్తాను, చిత్తూరులోనే. పైన జుట్టు గురించి చెప్పినవాళ్ళు చాలావరకు సరిగ్గానే చెప్పారు, దానికి కొంచెం కలుపుతాను.

జుట్టు పీక్కోవడాన్ని ట్రైకోటిల్లోమేనియా అంటారు. 1889లో ఆ పేరు పెట్టింది హాలోపో అనే ఫ్రెంచి చర్మవైద్యుడు, ఈ రోజుకీ మన దగ్గర కుటుంబాలు ముందు వెళ్ళేది స్కిన్ డాక్టర్ దగ్గరికే, కాబట్టి మీ కథలో కూడా ఉల్లిపాయ రసం అయ్యాక స్కిన్ డాక్టర్ రావడం సహజం. అనుభవం ఉన్న డాక్టర్ అయితే తెగిన వెంట్రుకలు చూసి పట్టేస్తారు, అమ్మని బయట కూర్చోమని పిల్లని ఒక్కదాన్నే అడుగుతారు. ఎక్కువమందిలో ఇది పది పదమూడేళ్ళ మధ్య మొదలవుతుంది. మీ పిల్లకి పదహారు, కాబట్టి హాస్టల్‌కి వచ్చాకే మొదలైందని రాయాల్సిన పని లేదు, ఏడో తరగతిలో ఎప్పుడో కొన్నాళ్ళు ఉండి పోయి ఇప్పుడు తిరిగి వచ్చిందని రాస్తే ఇంకా నమ్మేటట్టు ఉంటుంది, అమ్మకి లీలగా గుర్తు కూడా ఉండొచ్చు. మానసిక జబ్బుల్ని వర్గీకరించే అమెరికా పుస్తకం డీఎస్‌ఎం-5 (2013)లో జుట్టు పీక్కోవడం, చర్మం గిల్లుకోవడం రెండింటినీ ఓసీడీకి, అంటే వద్దన్నా అదే ఆలోచన, అదే పని మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బుకి, దగ్గరి జబ్బుల వరసలో పెట్టారు, కానీ గోళ్ళు కొరికే ప్రతి పిల్లకీ జబ్బు ఉందని ఎక్కడా లేదు. గోళ్ళు కొరకడం పిల్లల్లో చాలా మామూలు, ఏ దిగులూ లేనివాళ్ళు కూడా క్రికెట్ మ్యాచ్ చూస్తూ కొరుకుతారు. మీ స్నేహితుడికి విసుగొచ్చింది అందుకే అనుకుంటాను, అది ఎవరిదైనా అయ్యే అలవాటు, ఈ పిల్లదిగా లేదు.

కొందరు పిల్లలకి తాము చేస్తున్నామనే తెలీదు, ఇది ముఖ్యం. చదువుతూ, ఫోన్ చూస్తూ చెయ్యి దానంతటది వెళ్ళిపోతుంది కొందరికి. కొందరు మాత్రం లోపల బిగుసుకుపోయినట్టు అనిపించి కావాలనే మొదలుపెడతారు. ఒకే పిల్లలో రెండూ ఉండొచ్చు. మీ కథ ముందుకు పోయేకొద్దీ తెలీకుండా చేసేది తెలిసి చేసేదిగా మారితే, ఆ మార్పే చెప్తుంది పరిస్థితి ముదురుతోందని, ఇంకో అలవాటు తెచ్చి పెట్టక్కర్లేదు.

ఆ వయసులో దిగులు దిగులుగానే కనపడదు, చిరాకుగా కనపడుతుంది. నా దగ్గరికి తీసుకొచ్చే అమ్మానాన్నల్లో ఎక్కువమంది చెప్పేది మా పాప బాధపడుతోందని కాదు, మా పాపకి పొగరెక్కింది మేడమ్, ఏం అడిగినా కసురుకుంటోంది అని. పొద్దున్నే కడుపునొప్పి, తలనొప్పి, టెస్టు ఉన్న రోజు వాంతి వచ్చేటట్టు ఉండటం, ఇవి నటన కాదు, నిజంగానే నొప్పి ఉంటుంది. నిద్ర విషయంలో మాత్రం జాగ్రత్తగా రాయండి. ఈ ఈడులో శరీరంలో నిద్ర గడియారమే వెనక్కి జరుగుతుంది, రాత్రి పదకొండు దాకా నిద్ర రాకపోవడం మామూలే, వాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, హాస్టల్లో అయిదింటికే లేపుతారు. కాబట్టి క్లాసులో కునికిపాట్లు పడితే దిగులు అని చదివేవాళ్ళు అనుకోరు, అందరూ పడతారు. ఆదివారం లేపకుండా వదిలేసినా, అందరూ నిద్రపోతున్నా ఈ పిల్ల ఒక్కతే నాలుగింటికే మేలుకుని కళ్ళు తెరుచుకుని పడుకుంటే అది వేరే సంగతి.

భవానీనగర్ అక్క చెప్పిన ఫుల్ హ్యాండ్స్ గురించి ఒక మాట. కథలో తనను తాను గాయపరచుకోవడం వస్తే, దయచేసి ఎట్లా, దేంతో అన్నవి రాయొద్దు. చదివే పిల్లల్లో అదే స్థితిలో ఉన్నవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఆ వివరం దారి చూపించినట్టవుతుంది. సినిమాలు, నాటకాలు తీసేవాళ్ళ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో కూడా ఆత్మహత్య పద్ధతుల వివరాలు చూపించొద్దనే ఉంది. అక్క రాసిన ఆ వెనకడుగు, ఆ ఆది డ్రస్సు, అవి చాలు, అంతకంటే లోపలికి పోనక్కర్లేదు. అక్కా, మీకు కూడా చెప్తున్నాను, మళ్ళీ అట్లాంటి పిల్ల వస్తే అడగొచ్చు మీరు. ఏమ్మా బాగుండావా, తింటా ఉండావా అని అడిగినందువల్ల చెడు జరగదు. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, ఆ నంబరు రాసి మిషన్ పక్కన గోడకి అంటించినా చాలు.

తోతాపురి:

అందరూ బాగా చెప్పినారు, కానీ ఒక పెద్ద సంగతి ఎవురూ అడగలా. కథ చెప్పేది ఎవురు? పుత్తూరన్నా, నీ కథలో ఆ పిల్లే నేను నేను అని చెప్పుకుంటా ఉంటే పైన చెప్పినవి సగం పనికిరావు. తెలీకుండా జుట్టు పీక్కునే పిల్ల నా వేళ్ళు నడినెత్తి మీద తిరిగాయి అని ఎట్ల చెప్తాది? తెలీదు గదా దానికి. చెప్పిందంటే తెలిసినట్టే, అంటే అబద్ధం మొదలయినట్టే.

అట్లాంటప్పుడు అలవాటు వద్దు, దాని వెనక మిగిలేది రాయి. ఉదాహరణకి గోళ్ళే తీసుకో, కౌన్సెలర్ మేడమ్ మామూలు అలవాటన్నారు, సరే, కానీ చర్మం లేచిపోయేంత కొరికితే ఏమైతాది? మనం చేత్తో తినేవాళ్ళం. సెలవలకి ఇంటికొచ్చింది, అమ్మ సంకటి, చెనిక్కాయల ఊరిబిండి చేసి పెట్టింది, పక్కన మామిడికాయ ఊరగాయ. వేలు పెట్టంగానే ఉప్పూ కారం పచ్చిచర్మానికి తగిలి మంట. పిల్ల ఏం చెప్తాది? అమ్మా ఒక స్పూను ఇయ్యి అంటాది. అంతే రాయి. సంకటిని స్పూనుతో తినేవాళ్ళు ఆ ఇంట్లో ఎవురూ లేరు. లేదంటే ఊరగాయ వద్దు, పెరుగన్నమే చాలు అంటాది, చిన్నప్పట్నుంచి ఊరగాయ జాడీ దగ్గర్నుంచి కదలని పిల్ల. చదివేవాడు మూడు పేజీల తర్వాత కలుపుకుంటాడు ఎందుకో. ఆన్సర్ షీటు మీద ఎర్రటి మచ్చ, లెక్చరర్ ఇదేంది ఇంకు రెడ్డు వాడినావా అని మార్కులు కోస్తే నేను వాడలేదు సార్ అంటాది, నిజంగానే వాడలేదు.

ఇంకోటి, నాకు ఈ చూపించు చెప్పొద్దు అనే పట్టుదల మీద అంత నమ్మకం లేదు. పదహారేళ్ళ పిల్ల ఎక్కడో ఒక చోట నోరు తెరిచి నాకు భయంగా ఉండాది అని చెప్పాల. శరీరంతోనే మూడొందల పేజీలు నడిపిస్తే చదివేవాడు డాక్టర్ మాదిరి లక్షణాలు లెక్క పెడతాడు గానీ పిల్లతో ఉండడు. ఎవురికి చెప్పుద్దో నువ్వే చూడు, అమ్మకి కాకపోవచ్చు, రూములో పక్క మంచం పిల్లకి కావచ్చు, ఆ పిల్లకీ ఏదో ఒకటి ఉంటాది.

పుత్తూరు_పడమటివీధి:

ఇన్ని సంగతులు వస్తాయనుకోలా. తోతాపురన్నా, కథ నేనే బయట ఉండి చెప్తా ఉండాను, పిల్ల చెప్పేది కాదు, అయినా స్పూను నాకు కావాల, అది నాయన కళ్ళతో రాస్తా. టైలరక్కా, మీరు చెప్పిన ఆది డ్రస్సు వాడుకుంటాను, అమ్మ పిల్లని వెంటబెట్టుకొని మీ మాదిరి ఒక అక్క దగ్గరికి పోయే సీను పెడతా, గోళ్ళన్నీ తీసేస్తా, రెండు చోట్ల తప్ప. గుండు మలుపు కూడా తీసుకుంటా చంద్రగిరీ, నీకు అభ్యంతరం లేకపోతే. మేడమ్ గారిని ఒకటి అడగాల, దసరాకి గుండు చేయించుకుంటే మార్చిలో పరీక్షల నాటికి జుట్టు ఎంత వస్తాది? ఇంకా, కథలో ఆ పిల్ల రవంత కుదురుకునేటట్టు రాయాలంటే చికిత్స ఎట్ల ఉంటాది, మందులా?

చంద్రగిరి_కథలపిచ్చి:

అభ్యంతరం ఏముందన్నా, రాయి. కాకపోతే కొండ మీద సీనులో నాయన పక్క నుంచి కూడా చూడు, ఆయన కూడా గుండు చేయించుకుంటాడు పిల్ల కోసం, పిల్లకి అది చూసి ఇంకా సిగ్గు పెరగతాది.

చిత్తూరు_కౌన్సెలర్:

తల వెంట్రుకలు నెలకి సుమారు ఒక సెంటీమీటర్, కొంచెం అటూ ఇటూ. అక్టోబర్‌లో తీస్తే మార్చికి రెండంగుళాలు, అంతే. జడ రాదు, క్లిప్పు సరిగ్గా నిలవదు, హెయిర్ బ్యాండ్ పెట్టుకుంటుంది. నడినెత్తిన పీకిన చోట కూడా మామూలుగా వచ్చేస్తుంది, ఏళ్ళ తరబడి ఒకే చోట పీకితేనే కుదుళ్ళు దెబ్బతిని పల్చబడుతుంది.

చికిత్సలో ముందు చేసేది మాటలతోనే. హ్యాబిట్ రివర్సల్ అంటారు, 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీన్ని ప్రచురించారు. చెయ్యి పైకి లేచే ముందు ఏమవుతోందో పిల్లే గుర్తు పట్టడం నేర్చుకుంటుంది, మోచెయ్యి బల్ల మీద ఆనించి తల వాల్చి కూర్చున్నప్పుడా, పై సెక్షన్ వాళ్ళు నవ్వుతున్నప్పుడా, అట్లా. గుర్తు రాగానే పిడికిలి బిగించి ఒక నిమిషం దాకా ఉంచడం వంటిది ఇంకో పని చేస్తుంది. పక్క మంచం పిల్ల సాయం చేసేది ఇక్కడే, చెయ్యి లేస్తే మెల్లగా మోచెయ్యి తడుతుంది, తిట్టదు, అరవదు. నాలుగు రోజుల్లో తగ్గిపోయినట్టు మాత్రం రాయొద్దు, తగ్గుతుంది, పరీక్షల ముందు మళ్ళీ వస్తుంది, మళ్ళీ తగ్గుతుంది.

జుట్టు లెక్క అడిగారు కాబట్టి ఇంకొకటి చూసుకోండి. హాల్ టికెట్ మీద ఉండే ఫోటో ఎప్పుడు తీయించారు మీ కథలో? అడ్మిషన్ అప్పటి ఫోటో అయితే రెండు జడలు ఉంటాయి, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ రెండు సార్లు చూస్తారు.